‘లెరూజ్ వ్యవహారం’: అపరాధ పరిశోధన నవల తొలి అడుగు – అనుమాన ప్రమాణం, న్యాయపు పొరపాటు

వ్యాససంగ్రహం

ఫ్రెంచి రచయిత ఎమిల్ గబోరియో రాసిన ‘లఫేర్ లెరూజ్’ 1865లో ధారావాహికగా వెలువడి, 1866లో పుస్తకరూపం పొందింది. లెకోక్ అనే పోలీసు ఉద్యోగి పేరుతో ప్రసిద్ధమైన నవలల వరుసకు ఇది ఆరంభం. పూర్తిస్థాయి అపరాధ పరిశోధన నవలల్లో తొలితరానికి చెందినదిగా సాహిత్య చరిత్రకారులు దీనిని గుర్తిస్తారు. అయితే ఈ నవలలో పరిశోధకుడు చేసిన తర్కం ఒక నిర్దోషిని ఉరికంబం అంచుదాకా తీసుకువెళ్తుంది. పరిశోధకుడి విజయాన్ని కీర్తించే ప్రక్రియ అతని పరాజయంతో మొదలుకావడానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కథానిర్మాణం, నాటి ఫ్రెంచి నేరవిచారణ పద్ధతి, వారసత్వ చట్టం అనే మూడు కోణాల నుంచి నవలను వివరిస్తుంది. భారతీయ న్యాయదర్శనంలోని హేత్వాభాస భావన సాయంతో ఆ తర్కం ఎక్కడ తప్పిందో నిరూపిస్తుంది.

కీలకపదాలు: ఎమిల్ గబోరియో, లెరూజ్ వ్యవహారం, అపరాధ పరిశోధన నవల, లెకోక్, టబారే, అనుమాన ప్రమాణం, హేత్వాభాస, న్యాయపు పొరపాటు.

1. ఉపోద్ఘాతం

అపరాధ పరిశోధన నవల పాఠకుడికి ఒక హామీ ఇస్తుంది. నేరం ఎంత చిక్కుముడిగా ఉన్నా, చివరి పుటలోపు ఎవరో ఒకరు ఆ ముడిని విప్పుతారన్నది ఆ హామీ. షెర్లాక్ హోమ్స్ కథలు మొదలుకొని తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ నవలల దాకా పాఠకులు ఈ నమ్మకంతోనే పుస్తకం తెరిచారు. పరిశోధకుడి బుద్ధిమీద పాఠకుడికి గల విశ్వాసమే ఈ ప్రక్రియకు మూలధనం.

ఈ ప్రక్రియకు పునాది వేసిన నవలల్లో ఒకటైన ‘లెరూజ్ వ్యవహారం’ ఆ హామీని సగమే నిలబెట్టుకుంటుంది. హంతకుడు చివరికి బయటపడతాడు. కాని పరిశోధకుడు మొదట వేలెత్తి చూపింది మరొకరిని. ఆ వేలు చూపిన దిక్కుకే పోలీసులు, న్యాయాధికారి నడిచారు. అతను చూసిన ఆనవాళ్లన్నీ నిజమైనవే. వాటినుంచి అతను ఊహించిన మనిషి రూపురేఖలూ నిజమే. అయినా ముగింపు తప్పింది. నిజమైన ఆనవాళ్లనుంచి అబద్ధపు నిర్ణయం ఎలా పుడుతుందన్నదే ఈ నవల అడిగే ప్రశ్న.

ఫ్రాన్సులో ఈ తరహా రచనను తొలినాళ్లలో పిలిచిన పేరు గమనించదగినది. నేడు వాడుకలో ఉన్న ‘పోలీసు నవల’ అనే మాట స్థిరపడకముందు, గబోరియో రచనలను ‘న్యాయవిచారణ నవల’ అనే అర్థం వచ్చే మాటతో వ్యవహరించేవారు. తెలుగులో స్థిరపడిన ‘అపరాధ పరిశోధన’ అనే పేరులో నేరం ఉంది, వెతుకులాట ఉంది. ఫ్రెంచి పాతపేరులో న్యాయస్థానం ఉంది. ‘నేరం ఎవరు చేశారు?’ అనే ప్రశ్నతోపాటు ‘న్యాయం ఎలా జరుగుతుంది?’ అనే ప్రశ్న కూడా ఆ పేరులో ఇమిడి ఉంది. ఈ నవలను ఆ రెండో ప్రశ్న వెలుగులో చదవడమే ఉచితం.

2. రచయిత, పత్రిక, కాలం

ఎమిల్ గబోరియో 1832లో పశ్చిమ ఫ్రాన్సులోని సోజోఁ అనే ఊళ్లో జన్మించాడు. పారిస్ చేరి పత్రికా రచయితగా జీవించాడు. నాటి ప్రసిద్ధ ధారావాహిక నవలాకారుడు పాల్ ఫెవాల్ వద్ద కార్యదర్శిగా పనిచేశాడు. పాఠకుడిని మరుసటి రోజు దాకా ఉత్కంఠలో నిలిపే నేర్పు, కథను దినపత్రిక కొలతకు తగినట్లు కత్తిరించే ఒడుపు అతనికి ఆ కొలువులో అబ్బాయి. 1873లో, నలభై ఒకటో ఏడు నిండకముందే, అతను మరణించాడు.

‘లెరూజ్ వ్యవహారం’ 1865లో ‘ల పేయీ’ అనే పత్రికలో తొలిసారి వెలువడినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది అదే నవల ‘ల సొలేయ్’ పత్రికలో మళ్లీ ధారావాహికగా వచ్చి సంచలనం సృష్టించింది. 1866లోనే దాంత్యూ ప్రచురణ సంస్థ దానిని పుస్తకంగా తెచ్చింది. ‘ల సొలేయ్’ యజమాని మొయీజ్ మియో. 1863లో ‘ల పతీ జుర్నాల్’ అనే దినపత్రికను స్థాపించి, ఒక్కో ప్రతిని 5 సాంతీములకే అమ్మి, పత్రికా పఠనాన్ని శ్రామికుల ఇళ్లదాకా చేర్చినవాడు ఇతడే. ఇటువంటి చౌక పత్రికలకు రెండు సరకులు అవసరమయ్యాయి. ఒకటి నిజమైన నేరవార్త, రెండోది పుట అడుగుభాగంలో అచ్చయ్యే ధారావాహిక. గబోరియో నవల ఈ రెండింటినీ కలిపింది. నేరవార్తకుండే తేదీలు, ఊళ్లపేర్లు, అధికారుల హోదాలు అతని కల్పనలోకి వచ్చాయి.

నవల ప్రారంభమే ఇందుకు నిదర్శనం. కథ 1862 మార్చి 6, గురువారం నాడు మొదలవుతుంది. పారిస్‌కు పడమట, సేన్ నది ఒడ్డున ఉన్న బూజివాల్ పోలీసు కార్యాలయానికి దాపునున్న లా జోంషేర్ పల్లెనుంచి ఐదుగురు స్త్రీలు వస్తారు. తమ పొరుగున ఒంటరిగా ఉండే విధవ లెరూజ్ రెండు రోజులుగా కనిపించడం లేదని ఫిర్యాదు చేస్తారు. తలుపు తెరిచి చూస్తే ఆమె హత్యకు గురై ఉంటుంది. దినపత్రికలో నేరవార్త ఎలా మొదలవుతుందో ఈ నవలా అలాగే మొదలవుతుంది.

3. పూర్వరంగం

గబోరియోకు ముందు ఈ దారిలో కొన్ని అడుగులు పడ్డాయి. అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1841లో ద్యుపాఁ అనే పరిశోధకుడిని సృష్టించాడు. ఆ కథలు పారిస్ నగరంలోనే జరుగుతాయి. బోదలేర్ చేసిన అనువాదాలు 1856లో సంపుటిగా వచ్చి ఫ్రెంచి పాఠకులకు చేరువయ్యాయి. దొంగతనం నుంచి పోలీసు కొలువుకు మారి, పారిస్ నేరపరిశోధక విభాగాన్ని నడిపిన విడాక్ తన జ్ఞాపకాలను 1828–29లో ప్రచురించాడు. పాల్ ఫెవాల్ 1862 నాటి ‘జాఁ ద్యాబ్ల్’ నవలలో స్కాట్లండ్ యార్డు అధికారిని ప్రవేశపెట్టాడు. ‘లెకోక్’ అనే పేరు కూడా ఫెవాల్ రాసిన ‘లే జబీ నువార్’లో ఒక దుష్టపాత్రకు ముందే ఉంది.

పో కథల్లో తర్కం ఉంది, కాని అవి చిన్న కథలు. విడాక్ జ్ఞాపకాల్లో అనుభవం ఉంది, కాని తార్కిక క్రమం లేదు. ఫెవాల్ నవలల్లో విస్తృతి ఉంది, కాని ప్రధానాకర్షణ సాహసకృత్యాలే. గబోరియో ఈ మూడింటినీ ఒకే నేరం చుట్టూ తిరిగే ఒక పెద్ద నవలలో కూర్చాడు. ఇంగ్లండులో 1862–63లో వచ్చిన ‘నాటింగ్ హిల్ మిస్టరీ’ వంటి రచనలను దృష్టిలో ఉంచుకుంటే ‘మొట్టమొదటిది’ అనే బిరుదు వివాదాస్పదమే. విల్కీ కాలిన్స్ రాసిన ‘మూన్‌స్టోన్’ మాత్రం దీని తరువాత, 1868లో వచ్చింది. ప్రథమత్వం సంగతి ఎలా ఉన్నా, తరువాతి రచయితలు అనుసరించిన నమూనా మాత్రం గబోరియోదే.

4. కథాసారం

హత్యాస్థలానికి దబురోఁ అనే విచారణ న్యాయాధికారి, నేరపరిశోధక విభాగాధిపతి జెవ్రోల్, అతని సహాయకుడు లెకోక్ వస్తారు. స్థానికుల మాటలనుబట్టి జెవ్రోల్ ఒక మనిషిపై దృష్టి పెడతాడు. ఎండకు కమిలిన మొహం, చెవులకు పోగులు ఉన్న ఆ మనిషి లోగడ విధవ ఇంటికి వచ్చాడని సాక్ష్యం. తన అధికారి పద్ధతి నచ్చని లెకోక్, టబారే అనే వృద్ధుడిని పిలిపించమని సూచిస్తాడు. టబారే పోలీసు ఉద్యోగి కాడు. నేరపరిశోధనను వ్యసనంగా చేసుకున్న ఔత్సాహికుడు. చిక్కును తేటతెల్లం చేసేవాడు అని అర్థమిచ్చే ‘తిరోక్లేర్’ అన్నది అతనికి పోలీసులు పెట్టిన ముద్దుపేరు.

హతురాలు క్లోదీన్ లెరూజ్ ఒకప్పుడు కొమ్మరాఁ ప్రభువు కుమారుడికి పాలిచ్చిన దాది. ఆ ప్రభువుకు ధర్మపత్ని ద్వారా ఒక కొడుకు, ప్రియురాలు శ్రీమతి జెర్దీ ద్వారా మరొక కొడుకు దాదాపు ఒకే సమయంలో పుట్టారు. ప్రియురాలి కొడుకుకే తన బిరుదు, ఆస్తి దక్కాలని కోరుకున్న ప్రభువు, దాది సాయంతో శిశువులను మార్పించాలని పథకం వేశాడు. ఈ సంగతి తెలిపే పాత ఉత్తరాలు శ్రీమతి జెర్దీ కొడుకుగా పెరిగిన న్యాయవాది నోయెల్ చేతికి చిక్కుతాయి. వాటి ప్రకారం అసలు వారసుడు నోయెల్, కొమ్మరాఁ భవనంలో పెరిగిన ఆల్బేర్ కేవలం ప్రియురాలి కొడుకు. మార్పిడికి మిగిలిన సాక్షి దాది ఒక్కతే. ఆమె చనిపోతే లాభపడేది ఆల్బేర్. ఈ వాదన ఆధారంగా ఆల్బేర్ అరెస్టవుతాడు.

నిజం ఇందుకు తలకిందులు. దాది భర్త, నావికుడైన పియేర్ లెరూజ్, మార్పిడిని జరగనివ్వలేదు. ఆల్బేరే ధర్మపత్ని కొడుకు. దాది బతికి ఉంటే ఆ నిజం చెబుతుంది. కనుక ఆమె మరణం అవసరమైంది నోయెల్‌కు. ప్రియురాలు జూలియెట్ కోసం అప్పుల్లో కూరుకుపోయిన అతనికి కొమ్మరాఁ సంపదే దిక్కు. చివరికి పట్టుబడబోయే వేళ అతను ఆత్మహత్య చేసుకుంటాడు.

ఈ కుట్రకు మూలం నాటి చట్టంలో ఉంది. 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి ప్రకారం వివాహితుడికి పరస్త్రీ ద్వారా పుట్టిన బిడ్డకు తండ్రి గుర్తింపు దక్కే మార్గం లేదు, వారసత్వ హక్కు లేదు. పోషణకు మాత్రమే అర్హత ఉంది. ఒకే తండ్రి బిడ్డలిద్దరిలో ఒకరికి సర్వస్వం, మరొకరికి ఏమీ లేకపోవడాన్ని చట్టమే శాసించినప్పుడు, ఉయ్యాలలు మార్చాలన్న ఆలోచన కేవలం నాటకీయ కల్పన కాదు. చట్టం మూసిన తలుపును మోసంతో తెరవాలని తండ్రి మొదట ప్రయత్నించాడు. ముప్పై ఏళ్ల తరువాత కొడుకు దానినే హత్యతో తెరవబోయాడు.

5. జాడలనుంచి మనిషిదాకా: టబారే పద్ధతి

టబారే హత్యాస్థలంలో చేసిన పరిశీలన తరువాతి శతాబ్దమంతటా లెక్కలేనన్ని నవలల్లో పునరావృతమైంది. గడియారానికి తాళం ఇవ్వబోతూ ఆమె ఆగిపోయిన తీరునుంచి అతను హత్యాసమయాన్ని అంచనా వేస్తాడు. వచ్చినవాడికి ఆమె తానే తలుపు తీసిందనీ, భోజనానికి ఏర్పాటు చేసిందనీ గమనించి, అతను పరిచయస్థుడని తేలుస్తాడు. దుమ్ములో పడ్డ గుండ్రని అచ్చునుబట్టి అతను పొడవాటి టోపీ పెట్టుకున్నాడని, మట్టిలో దిగిన మొననుబట్టి గొడుగు పట్టుకొచ్చాడని చెబుతాడు. చుట్ట చివర ఎంగిలి తడి లేకపోవడంనుంచి దానిని పట్టుతో కాల్చాడని గ్రహిస్తాడు. హతురాలి గోళ్లలో చిక్కిన పీలికలు ఖరీదైన చేతితొడుగులవని గుర్తిస్తాడు. వస్తువులు మాయం కావడం దొంగతనమని నమ్మించే ఎత్తుగడ మాత్రమేననీ, వచ్చినవాడు వెతికింది కాగితాలకోసమనీ నిర్ధారిస్తాడు.

ఈ విధంగా ఒక యువకుడి రూపం తయారవుతుంది. అతను నాగరిక వేషధారి, సంపన్న వర్గానికి చెందినవాడు, మధ్యరకం కన్నా కొంచెం పొడగరి. నవల పూర్తయ్యాక వెనక్కి తిరిగి చూస్తే ఈ రూపురేఖల్లో ఒక్కటీ తప్పు కాదు. హంతకుడు నిజంగానే అటువంటివాడు.

అదే సమయంలో గబోరియో ఈ మేధావికి ఒక గతాన్ని కల్పించాడు. టబారే తాకట్టు కార్యాలయంలో చిరుద్యోగిగా పనిచేస్తూ, పేదవాడనుకున్న తండ్రిని పోషించడం కోసం పెళ్లి, సుఖం అన్నీ వదులుకున్నాడు. తండ్రి చనిపోయాక అతను రహస్యంగా ధనవంతుడని బయటపడింది. ఆనవాళ్లనుంచి అపరిచితుల రహస్యాలు చదవగల మనిషి, ఒకే కప్పు కింద తన తండ్రి దాచిన రహస్యాన్ని చదవలేకపోయాడు. ఇంట్లోవాళ్ల విషయంలో అతని చూపు పనిచేయదన్న సంగతిని రచయిత ఇలా ముందే సూచించాడు.

6. తర్కం ఎక్కడ తప్పింది

సాఁ లజార్ వీధిలోని టబారే ఇంట్లోనే శ్రీమతి జెర్దీ, నోయెల్ అద్దెకు ఉంటారు. సంతానం లేని టబారే నోయెల్‌ను కన్నకొడుకులా ప్రేమిస్తాడు. హత్యాస్థలంనుంచి తిరిగివచ్చిన రోజే నోయెల్ తన జన్మరహస్యాన్ని, ఉత్తరాలను అతని ముందు పెడతాడు. టబారేకు అప్పటికి హంతకుడి రూపం ఉంది, కారణం లేదు. ఇప్పుడు కారణం దొరికింది. ఆ కారణాన్ని అందించినవాడు స్వయంగా హంతకుడే.

ఈ సందర్భాన్ని విశ్లేషించడానికి భారతీయ న్యాయదర్శన పరిభాష చక్కగా ఉపకరిస్తుంది. పొగను చూసి కొండమీద నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమాన ప్రమాణం. అందులో కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. హేతువు సాధ్యం ఉన్నచోట మాత్రమే ఉండాలి. సాధ్యం లేనిచోట కూడా హేతువు కనిపిస్తే అది అనైకాంతిక హేత్వాభాస. టబారే వాదంలో ఆల్బేర్ పక్షం, హంతకుడు కావడం సాధ్యం, గొడుగు, చేతితొడుగులు, చుట్టపట్టు కలిగి ఉండటం హేతువు. ఈ వస్తువులన్నీ ఆల్బేర్ ఇంట్లో దొరికాయి. కాని అవి నాటి పారిస్‌లో ఏ సంపన్న యువకుడి ఇంట్లోనైనా దొరికేవే. హేతువు వ్యక్తిని కాదు, వర్గాన్ని చూపింది. ఒక వర్గం మొత్తానికి సరిపోయే వర్ణనను ఒక మనిషికి బిగించడమే దోషం.

అంతకన్నా సూక్ష్మమైన మరో దోషం ఉంది. ‘ఈ వర్ణనకు సరిపోయేవారు ఇంకెవరు?’ అని టబారే అడగలేదు. అడిగి ఉంటే ఎదురుగా కూర్చున్న నోయెల్ కూడా యువకుడే, నాగరికుడే, దాదిని ఎరిగినవాడే. అడగకపోవడానికి కారణం బుద్ధిలోపం కాదు, వాత్సల్యం. శాస్త్రంలో ‘అనుమానం’ ఒక ప్రమాణం. తెలుగు వాడుకలో అదే మాటకు శంక అని అర్థం. టబారేకు మొదటి అర్థంలోని అనుమానం పుష్కలంగా ఉంది. నోయెల్ విషయంలో రెండో అర్థంలోని అనుమానం మాత్రం కలగలేదు.

ఆల్బేర్ ఇంట్లో దొరికిన పాంటుమీది నాచు మరకలు ఈ సమస్యకు మరో ముఖం. విచారణ దృష్టిలో అవి హత్యాస్థలానికి వెళ్లిన గుర్తులు. వాస్తవంలో అవి ఆ రాత్రి అతను ప్రేయసి క్లేర్ దార్లాంజ్‌ను కలవడానికి తోటగోడ ఎక్కినప్పుడు అంటినవి. మరక ఒక్కటే, కథలు రెండు. ఆనవాలు తనంతట తాను మాట్లాడదు, దానిచేత మాట్లాడించే కథ ముందే సిద్ధమై ఉంటుందని ఈ చిన్న వివరం చెబుతుంది.

7. విచారణ న్యాయాధికారి స్థానం

ఈ నవలను చదివే భారతీయ పాఠకుడు ఒక వ్యవస్థాభేదాన్ని గమనించాలి. మన దేశంలో నేరాన్ని దర్యాప్తు చేసేది పోలీసులు, తీర్పు చెప్పేది న్యాయస్థానం. ఫ్రాన్సులో 1808 నాటి నేరవిచారణ స్మృతి ప్రకారం తీవ్రనేరాల దర్యాప్తును నడిపేది విచారణ న్యాయాధికారి. సాక్షులను పిలవడం, సోదాలకు ఆదేశించడం, నిందితుణ్ణి నిర్బంధించి ప్రశ్నించడం అతని అధికారాలు. విచారణ రహస్యంగా సాగేది. ప్రశ్నించే గదిలోకి నిందితుడి న్యాయవాదికి ప్రవేశం ఉండేది కాదు. ఆ హక్కు 1897 చట్టంతో గాని రాలేదు. అంటే ఈ నవల వెలువడిన ముప్పై ఏళ్ల తరువాత.

ఇంత అధికారం చేతిలో ఉన్న దబురోఁకు ఒక రహస్యం ఉంది. అతను ఒకప్పుడు క్లేర్‌ను ప్రేమించి తిరస్కృతుడయ్యాడు. ఆమె మనసు గెలుచుకున్న ఆల్బేర్ మీద తీవ్రమైన ద్వేషంతో రగిలాడు. ఇప్పుడు ఆ ఆల్బేరే అతని ముందు నిందితుడు. న్యాయధర్మం ప్రకారం అతను ఈ విచారణనుంచి తప్పుకోవాలి. కాని తప్పుకోడు. తన మనసులో పక్షపాతం లేదని తనకు తానే రుజువు చేసుకోవాలన్న పట్టుదల అతన్ని ఆ కుర్చీలోనే కూర్చోబెడుతుంది. గబోరియో ఇతన్ని దుర్మార్గుడిగా చిత్రించలేదు. సజ్జనుడు, కర్తవ్యపరాయణుడు అయిన అధికారి కూడా ఒంటరిగా, రహస్యంగా, అడిగేవారు లేకుండా అధికారం చెలాయిస్తే ఏమవుతుందో చూపాడు. వ్యక్తి మంచివాడైనంత మాత్రాన పద్ధతిలోని లోపం పూడదు.

8. రుజువు లేకపోవడమే రుజువు

నవలలో మేధాపరంగా అత్యంత విలువైన ఘట్టం ఎలిబీకి సంబంధించినది. ఎలిబీ అంటే నేరం జరిగిన వేళ తాను మరోచోట ఉన్నానని నిందితుడు చూపే రుజువు. ఆ మంగళవారం రాత్రి ఎక్కడున్నావని అడిగితే ఆల్బేర్ సరైన సమాధానం చెప్పడు. క్లేర్ పరువును కాపాడటానికి మౌనం వహిస్తాడు. న్యాయాధికారికి ఆ మౌనం నేరాంగీకారంతో సమానం.

టబారే మాత్రం ఈ వార్త విని ఉలిక్కిపడతాడు. వస్తువులు ఎత్తుకుపోయి దొంగతనంగా భ్రమింపజేసిన హంతకుడు, ప్రతి అడుగూ ముందే ఆలోచించుకున్న హంతకుడు, ఆ రాత్రికి ఒక ఎలిబీని సిద్ధం చేసుకోకుండా ఉంటాడా? తాను నిర్మించిన హంతకుడి స్వభావానికి, పట్టుబడిన మనిషి ప్రవర్తనకు పొంతన లేదు. కనుక ఇతను నిర్దోషి అన్న నిర్ణయానికి అతను వస్తాడు. తన వాదంలోని ఒక అంశాన్ని తానే తీసుకుని, ఆ వాదాన్ని తానే కూల్చుతాడు. ఈ నవలలో టబారే మేధకు నిజమైన గీటురాయి హత్యాస్థలంలోని జాడలు చదవడం కాదు, తన నిర్ణయాన్ని తిరిగి పరీక్షకు పెట్టడం.

అయితే అప్పటికే ఆలస్యమైంది. టబారే వేడుకొన్నా న్యాయాధికారి చలించడు. తాను అందించిన సాక్ష్యం ఇప్పుడు తన అధీనంలో లేదు. అది ప్రభుత్వ కాగితాల్లోకి చేరి, స్వతంత్ర జీవితం సంతరించుకుంది. ఒక ఊహ కార్యాలయపు కవిలెలోకి ఎక్కాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఈ సన్నివేశం బోధిస్తుంది. చివరకు క్లేర్ తన పరువును లెక్కచేయక న్యాయాధికారి ముందుకు వచ్చి, ఆ రాత్రి ఆల్బేర్ తన వద్దనే ఉన్నాడని చెబుతుంది.

9. చెవిపోగుల మనిషి

అపరాధ పరిశోధన నవలల్లో అధికారిక పోలీసు సాధారణంగా హాస్యపాత్ర. మొండిగా తప్పుదారి పట్టడం, మేధావి ముందు చిన్నబోవడం అతని వంతు. జెవ్రోల్ పాత్ర మొదట అలాగే కనిపిస్తుంది. టబారే గొడుగు మొనలు, టోపీ అచ్చులు వివరిస్తుంటే అతను చెవిపోగుల మనిషినే పట్టుకు వేలాడతాడు. కాని ఆ చెవిపోగుల మనిషి దాది భర్త పియేర్ లెరూజ్. శిశువుల మార్పిడి జరగలేదని చెప్పగల సాక్షి. జెవ్రోల్ ఓపికగా వెతికి అతన్ని తీసుకురావడంతోనే ఆస్తి వివాదపు ముడి విడుతుంది.

ఈ విధంగా గబోరియో రెండు పద్ధతులను తూకంలో పెట్టాడు. ఒకటి గదిలో నిలబడి జాడలనుంచి ఊహించడం, రెండోది ఊరూరా తిరిగి మనుషులను వెతకడం. మొదటిది వేగవంతం, ఆకర్షణీయం. రెండోది నెమ్మది, నీరసం. మొదటిది మాత్రమే సత్యాన్ని అందుకోలేకపోయింది, రెండోది మాత్రమే హంతకుణ్ణి పట్టలేకపోయింది. తరువాతి రచయితలు ఈ తూకాన్ని చాలావరకు వదిలేసి, మొదటి పళ్లేన్నే బరువెక్కించారు.

10. అంచున నిలిచిన కథానాయకుడు

ఈ నవలతో మొదలైన వరుసకు పేరు తెచ్చినవాడు లెకోక్. కాని ఇందులో అతని పాత్ర నామమాత్రం. టబారేను పిలిపించమని సూచించి దాదాపు తెరమరుగవుతాడు. ఇక్కడ అతను ఒకప్పుడు చట్టాన్ని అతిక్రమించి, తరువాత దానితో రాజీపడినవాడు. ఈ చిత్రణలో విడాక్ నీడ స్పష్టం. 1867 నాటి ‘ఓర్సివాల్ నేరం’, ‘113వ నెంబరు దస్త్రం’ నవలల్లో అతను ప్రధాన పరిశోధకుడవుతాడు. 1868–69 నాటి ‘మొస్య లెకోక్’ అతని తొలినాటి కొలువును వర్ణిస్తుంది. అందులో అతని గతం మారిపోయింది. అతను మంచి కుటుంబంలో పుట్టి, పేదరికంపాలైన యువకుడు. ఊహలో నేరపథకాలు అల్లే అతని స్వభావాన్ని గమనించిన యజమాని, ఇటువంటివాడు గొప్ప దొంగైనా కావాలి, గొప్ప పోలీసైనా కావాలి అన్న భావం వెలిబుచ్చుతాడు. నేరగాడి గతం నేరపు సంభావ్యతగా మెత్తబడింది. వరుస విస్తరించేకొద్దీ పాఠకుడు అభిమానించే నాయకుడికి మచ్చలేని గతం అవసరమైందని ఈ మార్పు సూచిస్తుంది.

‘మొస్య లెకోక్’లో టబారే మళ్లీ కనిపిస్తాడు. కీళ్లవాతంతో మంచంపట్టిన ఆ వృద్ధుడివద్దకు లెకోక్ సలహాకోసం వెళ్తాడు. శిష్యుడి పొరపాట్లను గురువు ఒక్కొక్కటిగా ఎత్తిచూపుతాడు. పొరపాటును గుర్తించడమే ఈ పరంపరలో విద్య.

11. ప్రభావం

గబోరియో నవలలు త్వరలోనే దేశాలు దాటాయి. జపానులో కురోయివా రుయికో ‘లెరూజ్ వ్యవహారం’ను ‘మనిషా, రాక్షసుడా’ అనే అర్థం వచ్చే పేరుతో 1888లో అనుసరించాడు. మెల్‌బోర్న్‌లో గబోరియో పుస్తకాలకు గల గిరాకీని చూసే ఫెర్గస్ హ్యూమ్ ‘మిస్టరీ ఆఫ్ ఎ హ్యాన్సమ్ క్యాబ్’ రాశాడు. కానన్ డాయిల్ 1887 నాటి తన తొలి హోమ్స్ నవలలో లెకోక్‌ను చేతకానివాడిగా హోమ్స్ చేత ఈసడింపజేశాడు. పూర్వీకుణ్ణి తీసిపారేయడం కూడా ఒకరకంగా రుణాన్ని ఒప్పుకోవడమే.

అయితే ఈ వారసత్వంలో ఒక అంశం చాలావరకు జారిపోయింది. గొడుగు మొన, చుట్టనుసి, దుమ్ములోని అచ్చు అందరికీ అందాయి. తన తప్పుచేత ఒక నిర్దోషి తల పోబోయిందని తెలిసిన పరిశోధకుడి వణుకు మాత్రం కొద్దిమందికే అందింది.

ఆ వణుకు కేవలం కల్పన కాదు. 1796లో ‘లియోఁ తపాలాబండి’ దోపిడీ హత్యల కేసులో జోసెఫ్ లెసుర్క్ అనే వ్యక్తి గిలటిన్‌కు బలయ్యాడు. రూపసాదృశ్యంవల్ల సాక్షులు పొరబడ్డారన్న వాదన తరాలపాటు ఫ్రాన్సును వెంటాడింది. మరణించినవారి కేసులను కూడా తిరిగి విచారించే అవకాశాన్ని కల్పిస్తూ 1867లో చట్టం వచ్చింది. లెసుర్క్ వారసుల అభ్యర్థనను మాత్రం అత్యున్నత న్యాయస్థానం 1868లో తిరస్కరించింది. గబోరియో నవల ఈ చర్చ నడుస్తున్న రోజుల్లోనే పాఠకుల చేతికి వచ్చింది.

12. ముగింపు

నవల చివర టబారే పూర్తిగా మారిపోతాడు. న్యాయం పొరబడదని నమ్మినవాడికి ఇప్పుడు ఎక్కడ చూసినా న్యాయపు పొరపాట్లే కనిపిస్తాయి. ఇంద్రియాల సాక్ష్యం దేనినీ రుజువు చేయదని వాదిస్తాడు. మరణశిక్ష రద్దు కోరుతూ అర్జీలపై సంతకాలు పెడతాడు. పేదలైన నిర్దోష నిందితుల సహాయానికి ఒక సంఘాన్ని ఏర్పాటు చేయబూనుకుంటాడు. ఫ్రాన్సులో మరణశిక్ష 1981లో గాని రద్దు కాలేదు. దబురోఁ పదవికి రాజీనామా చేస్తాడు. ఆల్బేర్, క్లేర్ ఒకటవుతారు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

● ‘లెరూజ్ వ్యవహారం’లో ఆనవాళ్ల పఠనం సరైనదే. వర్గాన్ని సూచించే హేతువును వ్యక్తికి అన్వయించడంలో దోషం ఉంది. న్యాయదర్శనం దీనినే అనైకాంతిక హేత్వాభాస అంటుంది.

● ఆ దోషానికి మూలం తర్కలోపం కన్నా రాగబంధం. టబారేకు నోయెల్‌పై గల వాత్సల్యం, దబురోఁకు ఆల్బేర్‌పై గల పాతద్వేషం చెరో వైపునుంచి ఒకే తప్పుకు దారితీశాయి.

● రహస్య విచారణ, న్యాయవాది లేని నిర్బంధం, ఒకే అధికారి చేతిలో సర్వాధికారం అనే వ్యవస్థాలక్షణాలు వ్యక్తిగత పొరపాటును న్యాయపు పొరపాటుగా పెంచాయి.

● నేరప్రేరణ వారసత్వ చట్టంలోని అసమానతనుంచి పుట్టింది. నవల నేరగాడితోపాటు చట్టాన్నీ ప్రశ్నిస్తుంది.

● పరిశోధకుడి గొప్పదనానికి గబోరియో పెట్టిన కొలత అతని తొలి నిర్ణయం కాదు, దానిని మార్చుకోగల శక్తి.

తర్కాన్ని నమ్మమని చెప్పే సాహిత్య ప్రక్రియ, తర్కాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తన ఆరంభంలోనే చర్చించింది. అపరాధ పరిశోధన నవలను కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టే విమర్శ ఈ చర్చను చూడలేదు. ప్రమాణమీమాంస, న్యాయశాస్త్రం, సాహిత్యం కలిసే కూడలిగా ఈ ప్రక్రియను అధ్యయనం చేయడానికి లెరూజ్ నవల తగిన ప్రారంభస్థానం.